ఆఖరి పాదం తెలిసినా పద్యం పూర్తికాదు

కూడలిలో ఒక పూటకూళ్ల ఇల్లు. ఒకప్పుడు దాన్ని నడిపినాయన ఇనుప పని నేర్చుకుని, నల్లటి ఇనుముతో మూడు తలల డ్రాగన్ బొమ్మ చేసి ఇంటి ముందు కొయ్య స్తంభానికి వేలాడదీశాడు. గాలి వీస్తే చాలు, అది గణగణ మోగేది. ఆయన కొడుకు ముసలివాడయ్యే నాటికి దేశంలో తిరుగుబాటు లేచింది. రాజుగారి తమ్ముడు, వివాహేతర సంబంధంలో పుట్టినవాడు, నల్ల డ్రాగన్ గుర్తుతో జెండా ఎత్తాడు. ఆ ప్రాంతపు ప్రభువు పరమ రాజభక్తుడు. పూటకూళ్ల ఇంటి ముందు నల్ల డ్రాగన్ కనబడేసరికి ఆయనకు ఒళ్లు మండింది. స్తంభం నరికించి, బొమ్మను ముక్కలు చేయించి నదిలో పారేయించాడు. చాలా ఏళ్లకు అందులో ఒక తల ఒక దీవి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అప్పటికి అది తుప్పు పట్టి ఎర్రగా మారిపోయింది.

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 2005లో ప్రచురించిన 'ఎ ఫీస్ట్ ఫర్ క్రోస్' నవలలో, ఊరూరా తిరిగే ఒక పూజారి తోటి బాటసారులకు చెప్పే కబురు ఇది. కథకు దీనితో ఏ పనీ లేనట్టే ఉంటుంది. చాలామంది పాఠకులు పేజీ తిప్పేశారు.

ఆరేళ్ల తర్వాత, 2011లో వచ్చిన 'ఎ డాన్స్ విత్ డ్రాగన్స్'లో కొత్త కుర్రవాడు ఒకడు ప్రత్యక్షమయ్యాడు. పసితనంలోనే చంపేశారని లోకమంతా నమ్మిన యువరాజు ఏగాన్ తానేనంటాడు. సముద్రం దాటి సింహాసనం కోసం వస్తాడు. అప్పుడు కొందరు పాఠకులకు ఆ ఇనుప తల గుర్తొచ్చింది. టార్గేరియన్ రాజవంశపు జెండా మీద ఎర్ర డ్రాగన్ ఉంటుంది. వాళ్లమీద తిరగబడిన బ్లాక్‌ఫైర్ శాఖది నల్ల డ్రాగన్. నల్ల తల నీళ్లలో పడి, ఏళ్ల తరబడి నాని, ఎర్ర తలగా ఒడ్డు చేరింది. అంటే ఓడి సముద్రం అవతలకు పారిపోయిన బ్లాక్‌ఫైర్ వంశపు బిడ్డే ఇప్పుడు టార్గేరియన్ వేషంలో తిరిగి వస్తున్నాడా?

ఇదే ఫ్యాన్ థియరీ. తెలుగులో అభిమానుల ఊహ అనుకోవచ్చు. పైకి పొద్దుపోని కబుర్లలా కనిపించే ఈ ఊహల వెనక చాలా శ్రద్ధగా చదివే అలవాటు ఒకటుంది. అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ దారి తప్పుతుందో, కథ ముగింపు దగ్గర ఎందుకు అంత గొడవైందో నిదానంగా చూద్దాం. చదవనివారికి, చూడనివారికి ముందుగా ఒక మాట: ఇక్కడి నుంచి కథలోని గుట్లన్నీ బయటపడతాయి.

ఊహలకు నేల ఎక్కడిది?

'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' అనే ఈ నవలల వరుసలో మొదటిది 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్', 1996లో వచ్చింది. మూడు భాగాలనుకున్న కథ ఏడు భాగాల ప్రణాళికగా పెరిగింది. ఐదు వచ్చాయి. ఆరోది 'ది విండ్స్ ఆఫ్ వింటర్' కోసం 2011 నుంచి పాఠకులు కాచుకుని కూర్చున్నారు. ఈలోగా హెచ్‌బీవో సంస్థ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' పేరుతో 2011 నుంచి 2019 దాకా ఎనిమిది సీజన్లు, 73 ఎపిసోడ్లు తీసి కథ ముగించేసింది. అంటే ఒకే కథకు తెర మీద ముగింపు ఉంది, కాగితం మీద లేదు. ఊహలన్నీ ఆ ఖాళీలోనే మొలుస్తాయి.

ఎదురుచూపు ఊహను పెంచుతుందని మనకూ అనుభవమే. 2015లో 'బాహుబలి' మొదటి భాగం ముగిశాక కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న టీ కొట్ల దగ్గర నుంచి పెళ్లి పందిళ్ల దాకా నడిచింది. 2017లో రెండో భాగం వచ్చి జవాబు చెప్పింది. అది రెండేళ్లయినా నిండని నిరీక్షణ. మార్టిన్ పాఠకులది పదేళ్లు ఎప్పుడో దాటిపోయింది.

ఇంకో కారణం రచన కట్టుబడిలోనే ఉంది. ఈ నవలల్లో చాలా అధ్యాయాలకు ఒక్కో పాత్ర పేరే శీర్షిక. ఆ అధ్యాయంలో మనం చూసేదంతా ఆ పాత్ర కంటితోనే. ఆ మనిషికి తెలియనిది మనకూ తెలియదు. ఆ మనిషి తలచుకోవడానికి ఇష్టపడని సంగతి మనకూ సగమే అందుతుంది. పైగా కథానాయకుడనుకున్న ఎడ్డార్డ్ స్టార్క్ తల మొదటి నవలలోనే తెగిపోతుంది. మంచివాడు కాబట్టి బతుకుతాడన్న భరోసా అక్కడితో పోయింది. ఆ తర్వాత పాఠకుడు ఏ వాక్యాన్నీ తేలిగ్గా వదలడు. పూటకూళ్ల ఇంటి బొమ్మ అయినా సరే.

ఒక తల్లి పేరు

ఈ ఊహలన్నిటికీ పెద్దన్న లాంటిది జాన్ స్నో పుట్టుక గురించినది. ఇంటర్నెట్ ఇంకా పసిదిగా ఉన్న 1990లలోనే పాఠకులు దీన్ని పట్టుకున్నారు. ఒక మంచి ఊహ ఎలా అల్లుకుంటుందో చూడటానికి ఇంతకంటే తగిన ఉదాహరణ లేదు.

పైకి కనిపించే కథ ఇది. ఉత్తరాది ప్రభువు ఎడ్డార్డ్, అయినవాళ్లకు నెడ్, యుద్ధం నుంచి తిరిగొస్తూ ఒక పసివాణ్ని చంకనేసుకొచ్చాడు. వాడే జాన్. వివాహేతరంగా తనకు పుట్టిన బిడ్డ అని చెప్పాడు. తల్లి ఎవరో చెప్పలేదు. అంతకుముందు యువరాజు రేగార్ టార్గేరియన్ నెడ్ చెల్లెలు లియానాను ఎత్తుకుపోయాడని, ఆమెను పెళ్లాడవలసిన రాబర్ట్ ఆ కోపంతో యుద్ధం చేసి రేగార్‌ను చంపి రాజయ్యాడని లోకం చెప్పుకుంటుంది. లియానా కూడా చనిపోయింది.

ఇప్పుడు ఆనవాళ్లు చూడండి. మొదటి నవలలో నెడ్ కాలికి దెబ్బ తగిలి జ్వరంతో కలవరిస్తూ పాత సంగతి కలగంటాడు. ఒంటరి బురుజు. దాని ముందు ముగ్గురు యోధులు, రాజరక్షక దళంలో ఎన్నదగినవాళ్లు. నెడ్ వెంట ఆరుగురు. ఆ పోరులో నెడ్, మరొకడు మాత్రమే మిగిలారు. బురుజు లోపల రక్తసిక్తమైన పడక మీద లియానా. చనిపోతూ అన్న దగ్గర ఏదో మాట తీసుకుంది. ఏ మాటో నెడ్ ఎన్నడూ పూర్తిగా తలచుకోడు.

పాఠకులు ఇక్కడ ఆగి ఒక లెక్క వేశారు. అప్పటికి రాజు చచ్చిపోయాడు, యువరాజు చచ్చిపోయాడు. బతికి ఉన్న రాణి, చిన్న రాకుమారుడు ఎక్కడో దీవి కోటలో తలదాచుకున్నారు. రాజరక్షకుల పని రాజవంశాన్ని కాపాడటం. మరి ఆ ముగ్గురూ అక్కడికి వెళ్లకుండా, కొండల నడుమ ఉన్న బురుజు దగ్గర ప్రాణాలు పణంగా పెట్టి దేన్ని కాపాడుతున్నారు? లోపల రాజవంశపు బిడ్డ ఉంటే తప్ప ఆ కాపలాకు అర్థం లేదు.

రెండో ఆనవాలు నీలి గులాబీలు. ఒక పెద్ద పోటీలో గెలిచిన రేగార్ తన భార్యను దాటుకుని వెళ్లి లియానా ఒడిలో నీలి గులాబీల కిరీటం ఉంచాడు. రెండో నవలలో రేగార్ చెల్లెలు డెనేరిస్‌కు వచ్చే దర్శనాల్లో మంచు గోడ పగులులోంచి ఒక నీలి పువ్వు పూస్తుంది. ఆ సమయానికి ఉత్తరాన మంచు గోడ దగ్గర కాపలా ఉన్నవాడు జాన్.

మూడోది మనిషి స్వభావం. నెడ్ మాట తప్పని మనిషి అని కథంతా చెబుతుంది. అలాంటివాడు తన పేరు మీద మచ్చ వేసుకుని ఎందుకు బతుకుతాడు? రాబర్ట్‌కు టార్గేరియన్ నెత్తురంటేనే పగ. రేగార్ పిల్లలను చంపి శవాలను తెచ్చి ముందు పెడితే అతనికి బాధ కలగలేదు. లియానా బిడ్డ అని తెలిస్తే జాన్‌కూ అదే గతి. చెల్లెలికిచ్చిన మాట నిలబెట్టుకోవాలంటే బిడ్డ తనదేనని చెప్పుకోవాల్సిందే.

ఒక సంఘటన, ఒక సంకేతం, ఒక మనిషి గుణం. మూడు వేరువేరు దారుల్లో వచ్చి ఒకే గుమ్మం ముందు ఆగాయి: జాన్ లియానా, రేగార్‌ల బిడ్డ. బలమైన ఊహకు గుర్తు ఇదే. తర్వాత రుజువులూ దొరికాయి. ఈ కథను తెరకెక్కించే అవకాశం అడగడానికి వచ్చిన డేవిడ్ బెనియాఫ్, డి. బి. వైస్‌లను మార్టిన్ పరీక్షగా అడిగింది జాన్ తల్లి ఎవరన్న ప్రశ్నే. వాళ్లు సరిగ్గా చెప్పారు. 2016 జూన్‌లో, ఆరో సీజన్ చివరి ఎపిసోడ్‌లో, లియానా చేతుల్లోని పసివాడి ముఖం మీంచి జాన్ ముఖం మీదికి దృశ్యం మారింది. ఇరవై ఏళ్లనాటి ఊహ అలా నిజమైంది.

జోస్యం వేరు, ఆనవాలు వేరు

ఊహలు దారి తప్పేది ఎక్కువగా జోస్యాల దగ్గర. జరిగినదాని జాడ ఆనవాలు. జరగబోయేదాని గురించి ఎవరో అన్న మాట జోస్యం. మార్టిన్ లోకంలో జోస్యాలు నిజమవుతాయి, కానీ విన్నవాళ్లు అనుకున్నట్టు కాదు.

రాణి సెర్సీ సంగతే చూడండి. చిన్నప్పుడు ఒక సోదె చెప్పే ముసలమ్మ ఆమెకు చెప్పింది: నీ పిల్లలు నీకంటే ముందు పోతారు, ఆ తర్వాత 'వలోంకార్' నీ గొంతు పిసుకుతాడు. ఆ పాత వలీరియన్ మాటకు చిన్న తమ్ముడని అర్థం. పొట్టివాడైన తమ్ముడు టిరియన్ గురించేనని సెర్సీ బలంగా నమ్మింది, జీవితమంతా అతన్ని ద్వేషించింది. పాఠకులు మాత్రం మరొకటి గమనించారు. ఆమె ప్రేమించే జేమీ ఆమెకు కవల. ఆమె తర్వాత క్షణాల తేడాతో పుట్టినవాడు. అంటే అతనూ తమ్ముడే. ఆమె ఎవరికి భయపడిందో అతను కాక, ఎవరి ఒడిలో తలదాచుకుందో అతనే యముడవుతాడన్నది ఈ ఊహ.

ఇందులో నాకు నచ్చేది జవాబు కంటే సెర్సీ గురించి అది చెప్పే సంగతి. జోస్యం నిజమో కాదో గానీ, దాని భయం మాత్రం నిజం. ఆ భయమే తమ్ముణ్ని శత్రువును చేసింది. మన పురాణాల్లో ఆకాశవాణి మాట విని కంసుడు చేసిన పనులు తెలిసినవారికి ఈ తర్కం కొత్తది కాదు. తప్పించుకోవాలని వేసే ప్రతి అడుగూ దాని దగ్గరికే తీసుకుపోతుంది.

అలాగే లోకాన్ని చీకటి నుంచి కాపాడే వీరుడు మళ్లీ పుడతాడన్న 'ఏజోర్ అహై' జోస్యం ఉంది. రాబర్ట్ తమ్ముడు స్టానిసే ఆ వీరుడని ఎర్ర పూజారిణి మెలిసాండ్రే నమ్మింది. పాఠకుల్లో కొందరు జాన్ అన్నారు, కొందరు డెనేరిస్ అన్నారు. నూరేళ్ల వృద్ధుడు ఎయిమన్ చనిపోయే ముందు ఒక కీలకమైన సంగతి గ్రహిస్తాడు: జోస్యంలో అందరూ 'యువరాజు' అని తర్జుమా చేసుకున్న మూల పదానికి ఆడ, మగ తేడా లేదు. తరతరాల పండితులు ఒక్క మాట అర్థం దగ్గర పొరబడ్డారు. జోస్యాలను ఎలా చదవాలో రచయిత ఇక్కడ తన పాఠకులకే నేర్పుతున్నాడనిపిస్తుంది.

ఎర్ర సిరాతో ఒక 'కాదు'

తప్పిన ఊహల సంగతీ చెప్పుకోవాలి. మంచు గోడ అవతల నెడ్ కొడుకు బ్రాన్‌కు దారి చూపే ఒక నల్ల చేతుల మనిషి కనిపిస్తాడు. చచ్చినవాడే, కానీ సాయం చేస్తాడు. కోల్డ్‌హ్యాండ్స్ అని పిలుస్తారు. ఎప్పుడో తప్పిపోయిన నెడ్ తమ్ముడు బెంజెన్ ఇతనేనని చాలామంది ఊహించారు. అన్నీ సరిపోయినట్టే ఉన్నాయి.

అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో మార్టిన్ రాతప్రతులు భద్రంగా ఉన్నాయి. వాటిలో 'ఎ డాన్స్ విత్ డ్రాగన్స్' ప్రతిని ఒక అభిమాని ఓపిగ్గా తిరగేశారు. ఇతను బెంజెనా అని సంపాదకురాలు మార్జిన్‌లో అడిగిన ప్రశ్న కనబడింది. దాని పక్కన ఎర్ర సిరాతో మార్టిన్ జవాబు: కాదు. అంతే. ఏళ్ల తరబడి నిలిచిన ఊహ ఒక్క మాటతో కూలిపోయింది. విచిత్రం ఏమిటంటే, తెర మీది కథలో మాత్రం ఆ పాత్ర బెంజెనే అయింది. ఒకే ఊహ కాగితం మీద ఓడి తెర మీద గెలిచింది.

ఇంకో చిక్కు, రచయిత కూడా మారతాడు. 1993లో మార్టిన్ తన ఏజెంటుకు రాసిన మూడు పేజీల లేఖ 2015లో బయటికి వచ్చింది. అందులో జాన్, నెడ్ కూతురు ఆర్యా ప్రేమించుకుంటారని, అన్నాచెల్లెళ్లమన్న బాధతో నలిగిపోతారని, చివరికి జాన్ అసలు పుట్టుక తెలుస్తుందని ఉంది. పుట్టుక రహస్యం నిలిచింది, ప్రేమకథ పోయింది. రచయితల్లో ఇల్లు కట్టే మేస్త్రీల్లా ముందే పటం గీసుకునేవాళ్లు కొందరు, విత్తనం నాటి ఎలా పెరుగుతుందో చూసే తోటమాలులు కొందరని మార్టిన్ చెబుతుంటాడు. తాను తోటమాలినంటాడు. తోటమాలి కథలో విత్తనం చూసి చెట్టును చెప్పొచ్చు, కొమ్మ ఏ వైపు వంగుతుందో చెప్పడం కష్టం.

మరి పాఠకులు ముందే కనిపెట్టేస్తే మార్టిన్ ముగింపు మార్చేస్తాడా? మార్చనని చాలాసార్లు చెప్పాడు. ఏళ్ల తరబడి వేసిన ఆనవాళ్లన్నీ ఒక నిజం వైపు చూపుతుంటే, కొందరు పసిగట్టారని దాన్ని మార్చితే ఆ ఆనవాళ్లన్నీ అబద్ధాలైపోతాయి. శ్రద్ధగా చదివినవాళ్లకు శిక్ష పడుతుంది. ఈ మాట నాకు ఎంతో న్యాయంగా తోస్తుంది.

సమస్య ఒకటి, పూరణం వేరు

ఇక 2019 నాటి ముగింపు. అమెరికాలో ఆదివారం రాత్రి వచ్చే ఎపిసోడ్‌ను మన దగ్గర సోమవారం తెల్లారగానే చూసి ఆఫీసులకు, కాలేజీలకు వెళ్లినవాళ్లు చాలామంది. లొంగిపోతున్నామని గంటలు మోగాక కూడా డెనేరిస్ రాజధాని నగరాన్ని తగలబెట్టింది. జాన్ ఆమెను పొడిచి చంపాడు. కాళ్లు పడిపోయిన బ్రాన్ రాజయ్యాడు. జాన్ ఉత్తరానికి వెళ్లిపోయాడు. చివరి సీజన్‌ను మళ్లీ తీయాలని పెట్టిన అర్జీ మీద పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి.

అంత కోపం ఎందుకు? ఊహలు తప్పాయనే అయితే అది పట్టించుకోవాల్సినంత సంగతి కాదు. అసలు కారణం అర్థం కావాలంటే మన అవధానం వైపు ఒకసారి చూడాలి. సమస్యాపూరణంలో పృచ్ఛకుడు ఆఖరి పాదం ఇస్తాడు. వినడానికి అది అసంబద్ధంగా, ఒక్కోసారి అనుచితంగా ఉంటుంది. అవధాని ముందు మూడు పాదాలు ఎలా కడతాడంటే, నాలుగోది వచ్చేసరికి అదే సహజమనిపిస్తుంది. సభ చప్పట్లు కొట్టేది ఆఖరి పాదానికి కాదు, అది అందరికీ ముందే తెలుసు. దాన్ని ఒప్పించిన మూడు పాదాలకు.

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' దర్శకనిర్మాతల చేతికి మార్టిన్ ఇచ్చింది అలాంటి ఆఖరి పాదాలే. బ్రాన్ను మోసే హోడోర్ పేరు వెనకున్న విషాదం, స్టానిస్ కూతురు షిరీన్‌ను కాల్చేయడం, అంతిమ ఘట్టంలో మరొకటి ఆయన తమకు చెప్పాడని వాళ్లే అన్నారు. బ్రాన్ రాజు కావడం మార్టిన్ ఆలోచనేనని ఆ పాత్ర వేసిన ఐజాక్ హెంప్‌స్టెడ్ రైట్ కూడా చెప్పాడు. పాదాలు వచ్చాయి, వాటి ముందు రావలసిన నవలలు రాలేదు. ఆరు సీజన్లు పదేసి ఎపిసోడ్లతో నడిచిన కథ ఏడో సీజన్‌లో ఏడుకు, ఎనిమిదిలో ఆరుకు కుదించుకుపోయింది. పూరణానికి చోటే మిగల్లేదు.

డెనేరిస్ సంగతి తీసుకోండి. ఆమె క్రూరత్వానికి విత్తనాలు ముందే ఉన్నాయి. 163 మంది బానిస పిల్లలను దారి పొడవునా కొయ్యలకు కొట్టి చంపారని, అంతే సంఖ్యలో ప్రభువులను ఆమె అలాగే చంపించింది. అప్పుడు మనం లోలోపల సంతోషించాం కూడా. అదే న్యాయం నెమ్మదిగా అన్యాయమయ్యే దారి మనకు చూపించి ఉంటే, నగరం తగలబడినప్పుడు ఆ తప్పులో మన వాటా ఎంతో మనమే తడుముకునేవాళ్లం. జాన్ పుట్టుక సంగతీ అంతే. ఆ నిజం డెనేరిస్‌ను ఒంటరిని చేసింది, అంతవరకు బాగానే ఉంది. కానీ కొత్త రాజును ఎన్నుకునే సభలో అతని వంశం ఎవరి నోటా రాలేదు. ఇరవై ఏళ్లు పాఠకులు మోసిన రహస్యం చివరికి ఏ బరువూ ఎత్తకుండా మూలన కూర్చుంది.

కాబట్టి ఎవరైనా ఒక కొత్త ఊహ మీ ముందు పెడితే రెండే ప్రశ్నలు అడగండి. దీనికి వేరువేరు దారుల్లో వచ్చిన ఆనవాళ్లు ఉన్నాయా, ఒకే వాక్యాన్ని సాగదీశారా? ఇది నిజమైతే ఒక మనిషి మనసు ఇంకాస్త తెలుస్తుందా, చుట్టరికం మాత్రమే తెలుస్తుందా? రెండోదానికి జవాబు లేని ఊహ సరైనదైనా దానివల్ల ఒరిగేదేమీ ఉండదు.

జాన్ పుట్టుక రెండు ప్రశ్నలకూ నిలబడుతుంది. అందుకు నేను ఎప్పుడూ చూపించే చోటు ఒకటుంది. పెళ్లయిన కొత్తలో భార్య కేట్లిన్ ఒకసారి ధైర్యం చేసి, ఆ బిడ్డ తల్లి ఫలానా ఆవిడేనా అని నెడ్‌ను అడిగింది. అన్నేళ్ల కాపురంలో అతన్ని చూసి ఆమె భయపడింది ఆ ఒక్కసారే. జాన్ తన నెత్తురని, ఆమెకు తెలియాల్సింది అంతేనని చెప్పి ఆ మాట అక్కడితో తుంచేశాడు. మొదటిసారి చదివినప్పుడు మనం కేట్లిన్ పక్కన నిలబడతాం. మొగుడి తప్పు కళ్లముందు పెరుగుతుంటే ఓర్చుకోవాల్సిన ఇల్లాలు ఆమె. గుట్టు తెలిశాక మళ్లీ చదివితే అదే మాట ఇంకోలా వినిపిస్తుంది. చెల్లెలి బిడ్డ తన నెత్తురే కదా. ఆ రోజు అతను భార్యతో అబద్ధం ఆడలేదు. నిజం చెప్పలేక, అబద్ధం ఆడలేక, ఆ రెంటి మధ్యా పద్నాలుగేళ్లు నోరు కట్టుకుని బతికిన ఒక మేనమామ అక్కడ కనిపిస్తాడు.